బటన్ నొక్కనన్న డాక్టరు

1944. బ్రెజిల్‌లోని రియో డి జనైరో నగరంలో ఒక మూలకు ఎంజెన్యో ది డెంట్రో అనే పేట. అక్కడి మానసిక వైద్యశాలలో కొత్తగా చేరిన డాక్టరుకు సాటి డాక్టరు ఒకాయన యంత్రం ఎలా పనిచేస్తుందో చూపిస్తున్నాడు. బల్ల మీద రోగి పడుకుని ఉన్నాడు. అతని కణతలకు రెండు తీగలు తగిలించారు. ఆయన బటన్ నొక్కాడు. పడుకున్న మనిషి ఒళ్లంతా బిగుసుకుపోయింది, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు, స్పృహ తప్పాడు. అతన్ని తీసుకుపోయి, మరొకతన్ని తెచ్చి అదే బల్ల మీద పడుకోబెట్టారు. ఈసారి మీరు నొక్కండి అన్నాడాయన. ఆమె నొక్కనంది.

ఆమె పేరు నీజి ద సిల్వేరా. అప్పటికి ఆమె వయసు 39 ఏళ్లు. నొక్కనన్న ఆ ఒక్కమాటతో ఆసుపత్రిలో ఆమెకు చేయడానికి పని లేకుండా పోయింది. ఎందుకంటే వైద్యం అంటే అప్పుడు అదే. ఇన్సులిన్ ఇచ్చి రక్తంలో చక్కెర పడిపోయేలా చేసి మనిషిని కోమాలోకి పంపడం, మూర్ఛ తెప్పించే కార్డియజోల్ సూది వేయడం, 1938లో రోమ్‌లో మొదలైన కరెంటు షాకు, 1935లో లిస్బన్‌లో మొదలైన లోబోటమీ. మెదడు ముందు భాగానికి, మిగతా మెదడుకు మధ్య ఉండే నరాల దారుల్ని కోసేసే శస్త్రచికిత్స అది. స్కిజోఫ్రీనియాకు పనికొచ్చే మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ వాడుకలోకి రావడానికి ఇంకా ఎనిమిదేళ్లు పడుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. ఆనాటి షాకు వేరు, ఈనాటి ఈసీటీ వేరు. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందు ఇచ్చి చేస్తారు. అవి లేకుండా చేయడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణాలు నిలబెట్టే చికిత్స. ఇంట్లో ఎవరికైనా డాక్టరు ఆ సలహా ఇస్తే, ఈ అధ్యాయం చదివి వద్దనుకోవద్దని నా విన్నపం. నీజి కాదన్నది మత్తు లేకుండా, అడగకుండా, వరసగా ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చుకుంటూ పోయిన షాకుని.

ఆమె పుట్టింది 1905లో, ఈశాన్య బ్రెజిల్‌లోని మసెయో పట్నంలో. తండ్రి లెక్కల మాస్టారు, పత్రికల్లో రాసేవాడు. తల్లి పియానో వాయించేది. బహియా వైద్య కళాశాలలో ఆమె తరగతి మొత్తానికి ఆమె ఒక్కతే ఆడపిల్ల. 1926లో డాక్టరై రియో చేరింది. పోటీ పరీక్ష నెగ్గి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉద్యోగం సంపాదించింది. 1936లో ఒక నర్సు ఆమె గదిలో మార్క్సిస్టు పుస్తకాలున్నాయని పైవాళ్లకు చెప్పింది. ఏడాదికి పైగా జైలు. ఆ తర్వాత కూడా 1944 దాకా ప్రభుత్వ కొలువులోకి రానివ్వలేదు.

ఆ అరెస్టు నాటి సంగతి ఒకటి ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పేది. వార్డులో స్కిజోఫ్రీనియా ఉన్న ఒక స్త్రీ రోజూ ఆమెకు కాఫీ తెచ్చి పెట్టేది. పలుకూ ఉలుకూ ఉండదు, ముఖంలో ఏ భావమూ కనిపించదు. ఇలాంటివారికి ప్రేమాభిమానాలు మొద్దుబారిపోతాయని అప్పటి వైద్యగ్రంథాలు రాశాయి. నీజిని పట్టించింది ఫలానా నర్సు అని తెలిసిన రోజున ఆ మనిషే వెళ్లి ఆ నర్సును పట్టుకుని కొట్టింది. కొట్టడం మంచిదని ఎవరూ అనరు. కానీ పుస్తకం చచ్చిపోయిందన్న అభిమానం ఎక్కడో నిప్పులా ఉందని నీజికి ఆ దెబ్బలతో తెలిసింది. ఆ తర్వాత ఆమె చేసిన పనంతా ఆ నిప్పు మీది బూడిదను మెల్లగా ఊదడమే.

బటన్ నొక్కనంటే ఇక మిగిలింది ఒకే విభాగం, వృత్తి చికిత్స. పేరు గొప్పదే కానీ, రోగుల చేత గచ్చు కడిగించడం, చెత్త ఊడ్పించడం, బట్టలు ఉతికించడం తప్ప అందులో ఏమీ లేదు. ఏ డాక్టరూ అటు తొంగిచూసేవాడు కాదు. 1946లో ఆమె దాన్ని తీసుకుంది. చీపుళ్లు పక్కన పెట్టించి కుట్టుపని, పుస్తకాలు బైండు చేయడం, సంగీతం, నాటకం, బంకమట్టి బొమ్మలు, బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఆసుపత్రి కార్యాలయంలో పనిచేసే అల్మీర్ మవిన్యే అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి చిత్రకారుడవ్వాలని కోరిక. ఆసుపత్రి గుమాస్తాగా ఉండటం కంటే ఇది నయమనుకుని ఆమె దగ్గరకు వచ్చాడు. ఇద్దరూ కలిసి రంగుల గది తెరిచారు. గదిలో బల్లలు, కాగితాలు, రంగులు, కుంచెలు, మట్టి ఉంటాయి. వచ్చినవాళ్లకు ఏం గీయాలో ఎవరూ చెప్పరు. గీయకపోతే ఎందుకు గీయలేదని అడగరు. వాళ్లను రోగులు అనడం కూడా నీజికి ఇష్టం ఉండేది కాదు, క్లయింట్లు అనేది.

ఎమీజియో ద బారోస్ ఆ గదికి వచ్చేసరికి ఆసుపత్రిలో 23 ఏళ్లుగా ఉన్నాడు. నౌకాదళ కర్మాగారంలో యంత్రాల మీద చేయి తిరిగిన కార్మికుడు. ప్రభుత్వమే పని నేర్చుకోవడానికి రెండేళ్లు ఫ్రాన్సుకు పంపింది. తిరిగి వచ్చాక మనసు చెదిరింది, 1924లో ఆసుపత్రిలో చేర్చారు. ఇక మాట్లాడటం మానేశాడు. 1947లో కుంచె పట్టుకున్నాడు. కొద్ది నెలల్లోనే అతను వేసిన చిత్రాలు చూసి మారియో పెద్రోజా లాంటి పేరున్న కళావిమర్శకులు నివ్వెరపోయారు. 1949లో సావ్ పాలో ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఎంజెన్యో ది డెంట్రో చిత్రకారులు తొమ్మిది మంది పేరిట ప్రదర్శన జరిగింది. పిచ్చివాళ్ల గీతల్ని కళ అంటారా అని పత్రికల్లో పెద్ద రగడ లేచింది. ఆ రగడలో నీజికి ఆసక్తి లేదు. అది కళ అవునో కాదో విమర్శకులు చూసుకుంటారు, నాకు కావలసింది ఆ మనిషి అన్నట్టుగా ఆమె తన పనిలో ఉండిపోయింది. ఒక్క చిత్రాన్నీ అమ్మనివ్వలేదు. ఒక మనిషి పదేళ్లలో వేసిన బొమ్మలన్నీ తేదీల వారీగా వరసలో ఉంటేనే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుందని, విడదీస్తే ఆ కథ తెగిపోతుందని ఆమె వాదన.

ఆ వరసల విలువ తెలియాలంటే ఫెర్నాండో డినీజ్ బొమ్మలు చూడాలి. నల్లజాతి రక్తం ఉన్న పేద కుటుంబం. తల్లి ధనవంతుల ఇళ్లకు వెళ్లి బట్టలు కుట్టేది, పిల్లవాడు వెంట వెళ్లేవాడు. ఆ ఇళ్లలోని తివాచీలు, పియానోలు, పూలకుండీలు, అద్దాల అలమరలు వాడి కళ్లలో పడ్డాయి. ఒక ఇంటి అమ్మాయి మీద మనసు కూడా పడింది. చదువులో చురుకు. ఇంజనీరయితే ఆ గుమ్మంలోకి దర్జాగా అడుగుపెట్టవచ్చు అనుకున్నాడు. ఆ అమ్మాయికి పెళ్లయిపోయిందని తెలిశాక చదువు ఆగిపోయింది, క్రమంగా మనసు చెదిరింది. 1944లో కోపకబానా సముద్రంలో బట్టల్లేకుండా ఈదుతుంటే పోలీసులు పట్టుకెళ్లారు. 1949లో ఎంజెన్యో ది డెంట్రో చేరాడు.

అతని తొలి బొమ్మల్లో వస్తువులన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పగా ఉంటాయి. పైకప్పు ఏది, నేల ఏది అని వెతుక్కోవాలి. తర్వాత ఒక్కో వస్తువూ విడిగా రావడం మొదలైంది. కుర్చీ ఒక్కటే, పండు ఒక్కటే. తర్వాత ఆ వస్తువులు నిలబడటానికి నేల వచ్చింది, చెక్క పలకల నేల. నేల మీద తివాచీ, పక్కన పియానో, గోడకు కిటికీ. చివరికి ఒక గది. మనం పొద్దున్న లేవగానే మన గది మన కళ్లముందు ఉంటుంది, దాన్ని కట్టుకోవలసిన అవసరం మనకు లేదు. స్కిజోఫ్రీనియాలో ఆ భరోసాయే పోతుంది. చుట్టూ ఉన్న చోటు చెదిరిపోతుంది. ఫెర్నాండో దాన్ని ఒక్కో పలకా వేసుకుంటూ మళ్లీ కట్టుకున్నాడు. అమ్మ వెంట వెళ్లి చూసిన ఇల్లే అది.

ఇలా కట్టుకునే శక్తి రంగులోనే ఉందా? రంగుల డబ్బా ఇచ్చి తలుపేసి వెళ్లిపోతే ఇదంతా జరిగేదా? ఈ ప్రశ్నకు నీజి ఇచ్చిన జవాబు కోసమే నేను ఆమెను ఈ అధ్యాయానికి నాయికగా ఎంచుకున్నాను.

బళ్లో చదువుకున్న రసాయన శాస్త్రం గుర్తుచేసుకోండి. పొటాషియం క్లోరేటును వేడిచేస్తే ఆక్సిజన్ వస్తుంది, కానీ చాలా వేడి కావాలి. చిటికెడు మాంగనీసు డయాక్సైడు కలిపితే తక్కువ వేడికే గబగబా వస్తుంది. చివర్లో చూస్తే ఆ నల్లపొడి వేసినంతా అలాగే ఉంటుంది. దాన్ని ఉత్ప్రేరకం అన్నారు మన పాఠ్యపుస్తకాల్లో. నీజి సరిగ్గా ఆ మాటే వాడింది. గదిలో ఎప్పుడూ ఉండే, ఏమీ కోరని, తొందరపెట్టని ఒక మనిషి అభిమానమే ఉత్ప్రేరకం అంది. లోపలి మార్పు రోగిదే, చేసుకునేవాడూ రోగే. కానీ పక్కన ఆ ఆప్యాయత లేకపోతే ఆ మార్పు మొదలు కాదు. అందుకే గదిలో పనిచేసేవాళ్లను ఎంచుకునేటప్పుడు బొమ్మలు వేయడం వచ్చా అన్నదానికంటే ఓపికగా కూర్చోగలరా అని చూసేది. రఫాయెల్ దొమింగెస్ పదిహేనేళ్ల వయసు నుంచి జబ్బుతో ఉన్నవాడు, ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు. మవిన్యే అతని పక్కన కూర్చునేవాడు. రఫాయెల్ గీసిన సన్నని గీతల చిత్రాలు ఈనాటికీ చూసినవాళ్లను కదలనివ్వవు.

ఆ ఆవరణలో వీధికుక్కలు తిరిగేవి. ఒకరోజు బక్కచిక్కిన ఒక కుక్కను రోగికి అప్పగించి దీన్ని చూసుకుంటావా అని అడిగింది నీజి. చూసుకోవడం మొదలుపెట్టాక అతనిలో వచ్చిన మార్పు చూసి కుక్కల్ని, పిల్లుల్ని సహచికిత్సకులు అని పిలిచింది. మనిషి కోపగించుకుంటాడు, విసుక్కుంటాడు, సెలవు పెడతాడు. కుక్క రోజూ అదే తోక ఊపుతుంది. చెదిరిన మనసుకు అలా మారకుండా ఉండే చుట్టం కావాలని ఆమె నమ్మింది. ఆసుపత్రిలో అందరికీ అది నచ్చలేదు. ఆ కుక్కల్లో కొన్నిటికి విషం పెట్టి చంపారు. రాయడానికే చేయి రావడం లేదు, కానీ రాయాలి. చికిత్సాలయం గోడల మధ్య దేన్ని చికిత్సగా ఒప్పుకున్నారో, దేన్ని ఒప్పుకోలేదో అది చెబుతుంది.

లూసియో అనే శిల్పి సంగతి ఇంకా బరువైనది. మట్టితో యోధుల బొమ్మలు చేసేవాడు. నిటారుగా, కవచాలతో, ఏదో భయంకరమైన దాన్ని ఎదిరించి నిలబడినట్టు ఉంటాయవి. నీజి ఎంత వద్దన్నా వినకుండా అతనికి లోబోటమీ చేశారు. ఆ తర్వాత కూడా మట్టి ముందు కూర్చున్నాడు. చేతుల్లోంచి యోధులు రాలేదు, రూపం కుదరని ముద్దలు వచ్చాయి. లోబోటమీ కనిపెట్టినందుకు 1949లో ఈగాస్ మోనిజ్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు. మునుపటి బొమ్మల్నీ తర్వాతి ముద్దల్నీ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లెవరూ ఆ బహుమతిని తేలిగ్గా మెచ్చుకోలేరు.

బొమ్మల్లో నీజిని ఎక్కువగా ఆశ్చర్యపరిచినవి వలయాలు. మనసు ముక్కలైపోయిందన్న మనుషులు, మధ్యలో ఒక బిందువు పెట్టి దాని చుట్టూ పొందికగా పరచుకునే గుండ్రటి బొమ్మలు వేస్తున్నారు. వాకిట్లో చుక్క పెట్టి చుట్టూ మెలికలు తిప్పే మన అమ్మలకు ఆ ఆకారం కొత్త కాదు. స్విట్జర్లాండులోని కార్ల్ యుంగ్ అలాంటి ఆకారాలకు సంస్కృతం నుంచే మండల అనే పేరు తీసుకున్నాడు. 1954లో ఆమె ఆ బొమ్మల ఫొటోలు ఆయనకు పంపి, ఇవి మండలాలేనా అని అడిగింది. అవునని జవాబు వచ్చింది. చెదిరిన మనసు తనను తాను కూడగట్టుకునే ప్రయత్నం అది అని యుంగ్ భావన. 1957లో జూరిక్‌లో ప్రపంచ మానసిక వైద్యుల మహాసభ జరిగినప్పుడు ఆమె తెచ్చిన ప్రదర్శనను యుంగే ప్రారంభించాడు.

నాకు నీజి మీద ఎంత గౌరవం ఉన్నా, ఇక్కడ కొంచెం ఆగుతాను. పువ్వుగా మారిపోయే స్త్రీ బొమ్మలు వేసిన అడెలీనా గోమెస్‌లో ఆమె గ్రీకు పురాణంలో చెట్టుగా మారిన డాఫ్నీని చూసింది. చదవడానికి అద్భుతంగా ఉంటుంది. అయితే అది తప్పని నిరూపించే దారి లేదు, ఒప్పని నిరూపించే దారీ లేదు. అలాంటిదాన్ని విజ్ఞానం అనడానికి నా మనసు ఒప్పదు. అంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. పిల్లవాడు నల్లరంగు ఎక్కువ వాడాడు కాబట్టి దిగులు, ఇంటికి కిటికీ పెట్టలేదు కాబట్టి భయం అని చేతిరేఖలు చూసి జాతకం చెప్పినట్టు చెప్పేవాళ్లు ఈ రంగం పేరు చెప్పుకుని తిరుగుతున్నారు. నల్ల క్రేయాను ఒక్కటే విరగకుండా మిగిలి ఉండవచ్చు కదా. శిక్షణ పొందిన ఆర్ట్ థెరపిస్టు బొమ్మకు అర్థం చెప్పడు. ఇందులో ఏముందో నువ్వు చెప్పు అంటాడు, చెప్పకపోతే ఊరుకుంటాడు.

అలా ఊరుకోగలిగిన మనిషి ఒకడు అదే 1946లో ఇంగ్లండులోని నెదర్న్ ఆసుపత్రిలో చేరాడు. పేరు ఎడ్వర్డ్ ఆడమ్సన్. డాక్టరు కాదు, చిత్రకారుడు. మొదట అతన్ని పెట్టుకున్నది పరిశోధన కోసం. రోగులు వేసే బొమ్మల మీద ఏ వ్యాఖ్యా చేయకూడదని, ఏ సలహా ఇవ్వకూడదని షరతు. పరిశోధన అయిపోయినా ఆయన ఆ మౌనాన్ని వదల్లేదు. 1981లో విశ్రాంతి తీసుకునే దాకా గదిలో కూర్చున్నాడు. మహాసముద్రానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఒకే ఏడాది ఒకే గది తెరవడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. ఆర్ట్ థెరపీ అనే మాటను వాడుకలోకి తెచ్చింది కూడా ఇంగ్లండు చిత్రకారుడే, ఏడ్రియన్ హిల్. 1938లో క్షయ సోకి శానిటోరియంలో పడుకున్నప్పుడు మంచం మీదే గీసుకుంటూ తేరుకున్నాడు, తోటి రోగుల చేత గీయించాడు. అమెరికాలో మారియన్ చేస్ 1942లో వాషింగ్టన్‌లోని ఒక మానసిక వైద్యశాలలో రోగులతో కలిసి అడుగులు వేసి నాట్య చికిత్సకు దారి వేసింది. 1944లో మిషిగన్‌లో సంగీత చికిత్సకు డిగ్రీ చదువు మొదలైంది. యుద్ధం నుంచి చెదిరిన మనసులతో వేలమంది తిరిగి వస్తున్న కాలం అది. వాళ్లు చూసినదాన్ని మాటల్లో చెప్పమంటే చెప్పలేకపోయారు.

సరే, ఇదంతా పనిచేస్తుందా? కథలు ఎన్ని చెప్పినా వైద్యం అన్నాక పరీక్షకు నిలబడాలి. 2012లో బ్రిటన్‌లో పెద్ద పరీక్ష ఒకటి జరిగింది. స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు వారానికి ఒకసారి ఆర్ట్ థెరపీ, ఇంకో గుంపుకు ఆటలూ కబుర్లూ లాంటి కాలక్షేపం, మూడో గుంపుకు మామూలు వైద్యం మాత్రమే. ఏడాది పాటు నడిపి, రెండేళ్ల తర్వాత చూశారు. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ రంగాన్ని ప్రేమించేవాళ్లకు అది చేదు వార్త. దాన్ని దాచి పుస్తకం రాయడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ పరీక్షలోనే ఇంకో సంగతి ఉంది. ఆర్ట్ థెరపీకి పిలిచినవారిలో చాలామంది సరిగా రానేలేదు. వారానికి ఒక్కసారి, అదీ అరకొరగా హాజరయ్యే గది ఒకటి. ఎమీజియో, ఫెర్నాండో రోజూ వెళ్లిన గది ఇంకొకటి. రెండింటికీ పేరు ఒకటే కావచ్చు, మోతాదు ఒకటి కాదు. సంగీత చికిత్స మీద 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడా ఇదే దారి చూపిస్తుంది. స్కిజోఫ్రీనియా మీద జరిగిన 18 పరీక్షలను, 1,200 మందికి పైగా ఫలితాలను కలిపి చూస్తే, మామూలు వైద్యానికి సంగీత చికిత్స తోడైతే మేలు కనిపించింది. కానీ ఎన్నిసార్లు కూర్చోబెట్టారు, ఎంత శ్రద్ధగా చేశారు అన్నదాన్ని బట్టి ఆ మేలు మారింది. బొమ్మలు మందుకు బదులు అని మాత్రం ఏ పరీక్షా చెప్పలేదు. మందు ఆపి కుంచె పట్టుకోమని ఎవరైనా అంటే ఆ మనిషికి దూరంగా ఉండండి.

జబ్బు లేనివాళ్ల సంగతి చూస్తే 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మందికి మట్టి, స్కెచ్ పెన్నులు, కత్తిరించి అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టం వచ్చింది చేసుకోమంది. ముందూ తర్వాతా ఉమ్మిలో కార్టిసాల్ కొలిచింది. ఒత్తిడి పెరిగితే ఒంట్లో పెరిగే హార్మోను అది. దాదాపు ముప్పావు వంతు మందిలో తగ్గింది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ అందులో తేడా లేదు. పోల్చి చూడటానికి ఊరికే కూర్చోబెట్టిన గుంపు లేదు కాబట్టి దీన్ని గట్టి రుజువు అనలేం. అయినా నాకు బొమ్మలు రావు కదండీ అని వెనక్కి తగ్గేవాళ్లకు ఆ చివరి ముక్క చెప్పాలనిపిస్తుంది. ఆ గదిలో థెరపిస్టు కూడా ఉన్నారని, ఊరికే కాగితాలిచ్చి పంపలేదని కూడా చెప్పాలి.

1956లో నీజి ఆసుపత్రి బయట ఒక ఇల్లు తెరిచింది. పేరు కాజా దస్ పల్మేరస్. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన మనిషి కొన్ని నెలలకే మళ్లీ తిరిగి రావడం ఆమె చూస్తూ వచ్చింది. వార్డుకూ వీధికీ మధ్య ఒక మెట్టు ఉండాలనుకుంది. పగలు వచ్చి రంగులతోనో మట్టితోనో గడిపి సాయంత్రం ఇంటికి పోవచ్చు. తలుపులకు తాళాలు ఉండవు. ఈనాడు ప్రపంచమంతా కమ్యూనిటీ మానసిక వైద్యం అంటున్నదాన్ని ఆ ఇల్లు అప్పుడే చేసి చూపింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1952 మే 20న, రంగుల గదిలో పుట్టిన బొమ్మలను భద్రపరచడానికి అచేతన చిత్రాల మ్యూజియం తెరిచింది. ఇప్పుడు అందులో 3,50,000కు పైగా బొమ్మలున్నాయి.

వాటిలో దాదాపు 30,000 ఫెర్నాండోవే. ముసలితనంలో అతనికి బొమ్మలు కదిలితే చూడాలనిపించింది. యానిమేషన్ దర్శకుడు మార్కోస్ మగల్యాయిస్ తోడుగా కూర్చున్నాడు. ఒక్కో కదలికకూ ఒక్కో బొమ్మ వేసుకుంటూ పోయాడు ఫెర్నాండో. ఎనిమిది కోణాల నక్షత్రం అనే ఆ చిన్న సినిమా 1996లో వచ్చింది. తెర మీద రంగులు చెదిరి, తిరిగి, ఒకచోట చేరి, నక్షత్రమై నిలుస్తాయి. అప్పటికి అతనికి 78 ఏళ్లు. ఆ తర్వాత మూడేళ్లకు, 1999లో, నీజి వెళ్లిపోయింది. అదే ఏడాది ఫెర్నాండో కూడా.